పెళ్ళి పట్టుచీర: జరీ కొనేవారికా, మరో పెళ్ళికూతురికా?

బరంపురంలో మన తెలుగు ఇళ్ళలో బీరువాలు సర్దేటప్పుడల్లా ఒక ప్రశ్న వస్తుంది: పాత పెళ్ళి పట్టుచీరను జరీ కొనేవారికి ఇచ్చివేయడమా, చీరగానే మరొకరికి అమ్మడమా? మధుపర్కాలను ఈ లెక్కలోకి తీసుకురావడం లేదు. వాటికి ధర కట్టిన ఇంటిని నేనింతవరకు చూడలేదు.

జరీ కొనేవారికి నేతపనితోగాని, రంగుతోగాని పనిలేదు. అసలు జరీలో పట్టుదారానికి సన్నని వెండి తీగను చుట్టి, దానిపై బంగారు పూత వేస్తారు. చీరను కాల్చి ఆ వెండిని వేరుచేసుకోవడమే వారి వ్యాపారం. రాగి తీగతో చేసిన టెస్టెడ్ జరీకి, ప్లాస్టిక్ జరీకి వారి దగ్గర విలువ ఉండదు. మా పిన్ని తన చీర విప్పినప్పుడు కొంగు మడత వెంట పట్టు సన్నగా చిట్లి ఉంది. అంచులోని ఒక పోగును గోటితో గీరితే పసుపు మెరుపు పోయి తెల్లని మెరుపు బయటపడింది. రాగి అయితే ఎర్రగా కనబడేది. ఇలా కట్టుకోవడానికి పనికిరాని చీరకు జరీ బేరమే మేలు, కాని ఆనాటి వెండి ధర ముందే తెలుసుకుని, గీటురాయి మీద రుద్దించి, చీర మొత్తం బరువుకు కాక అందులోని వెండికి ధర మాట్లాడుకోవాలి.

ఒకటి రెండుసార్లే కట్టి, మడతలు మార్చుతూ దాచిన చీర అయితే చీరగా అమ్మడమే లాభం. గుడి శిఖరాల వంటి కుంభ అంచున్న బరంపురం పట్టుకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని నేత తెలిసినవారు ఇచ్ఛాపురం వైపు కూడా ఉన్నారు. అయితే తాళి కట్టించుకున్న చీరను మరో ఆడపిల్ల కట్టకూడదనే పట్టింపు గట్టిది కనుక, ముహూర్తం చీరకంటే రిసెప్షన్ చీరే త్వరగా పోతుంది. కొనేవారు చీరను పగటి వెలుతురులో ఎత్తిపట్టి, పసుపు కుంకుమ మరకలను, చెమట తగిలి నల్లబడిన జరీని చూసుకోవాలి. జాకెట్టు ముక్క అప్పటికే కుట్టించేసి ఉంటే ఆ మేరకు ధర తగ్గించమని అడగడం న్యాయమే.

పిన్ని రెండు బేరాలూ విని, అంచును కత్తిరించి మనవరాలి పట్టు పరికిణీకి వేయించింది; చిట్లిన కొంగు ఇంకా బీరువాలోనే ఉంది.