లూయిస్ కపాల్డి రెండో ఆల్బం 'ఎక్స్‌టెండెడ్' అని అమ్ముతున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఉండి ఇంగ్లీషు పాప్ రికార్డులు తెప్పించుకునే మనవాళ్లకి ఈ హెచ్చరిక. స్కాట్లాండ్ గాయకుడు లూయిస్ కపాల్డి రెండో ఆల్బం 'బ్రోకెన్ బై డిజైర్ టు బి హెవెన్లీ సెంట్' సీడీ, ఎల్పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు) రెండూ వాట్సాప్ గ్రూపుల్లో "అవార్డు ఆల్బం, ఎక్స్‌టెండెడ్, ఇంపోర్టెడ్" అంటూ రెట్టింపు ధరకి తిరుగుతున్నాయి. ఆ మూడు మాటల్నీ విడివిడిగా పట్టి చూడాలి.

అవార్డు సంగతి ముందు. 2020లో బ్రిట్ అవార్డు (బ్రిటన్ సంగీత పురస్కారం) తెచ్చిన 'సమ్‌వన్ యు లవ్డ్' పాట 2019లో వచ్చిన మొదటి ఆల్బంలోది. ఈ రెండోది 2023 మే 19న వచ్చింది. బ్రిటన్ చార్టులో మొదటి స్థానం కొట్టిన మాట నిజమే గానీ విమర్శకులు మాత్రం రెండుగా చీలారు. గొంతులో బలం ఉందని మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు; ఒకే విరహానికి పన్నెండు చరణాలు కట్టినట్టుందని పెదవి విరిచినవాళ్లూ ఉన్నారు. అమ్మేవాడు మెచ్చుకోళ్లే కత్తిరించి పెడతాడు, ఒక్కోసారి మొదటి ఆల్బం రివ్యూలు కూడా అతికిస్తాడు. రివ్యూ మీద తేదీ చూడండి. పాటలన్నీ ఫోన్లో దొరుకుతాయి, ఒకసారి పూర్తిగా విన్నాకే పర్సు తియ్యండి.

అసలు మోసం 'ఎక్స్‌టెండెడ్' దగ్గర. మామూలు ఆల్బంలో 12 పాటలు: 'ఫర్గెట్ మీ'తో మొదలై 'హౌ ఐయామ్ ఫీలింగ్ నౌ'తో ముగుస్తుంది. 2024 జనవరి 1న మరో 5 పాటలు కలిపి మళ్లీ వదిలారు, 'స్ట్రేంజర్స్' వాటిలోదే. 'ఎక్స్‌టెండెడ్' అంటే ఈ 17 పాటలది; 12 పాటలదాన్నే ఆ పేరుతో అంటగట్టొచ్చు. ముందట్ట ఫొటో చూసి మోసపోకండి. వెనకట్ట ఫొటో అడగండి, పాటలు లెక్కపెట్టండి, బార్‌కోడ్‌ని డిస్కాగ్స్‌లో (రికార్డుల వివరాలుండే వెబ్‌సైటు) కొట్టి చూడండి. వెనకట్ట పంపడానికి నసిగాడంటే వదిలెయ్యండి.

ఇంపోర్టెడ్ అయితే దిగుమతిదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ ఉన్న స్టిక్కరు ఉండాలి. సీడీని వెలుతురుకి వంచి చూడండి: అడుగు వెండి రంగులో మెరవాలి. పచ్చగానో ఊదాగానో కనబడితే ఇంట్లో కంప్యూటర్లో కాపీ కొట్టిన (బర్న్ చేసిన) డిస్కే. ఎల్పీ అయితే లేబుల్ చుట్టూ ఉన్న నున్నటి భాగంలో చెక్కిన నంబరు వెతికి, డిస్కాగ్స్‌లో ఉన్నదానితో పోల్చండి. "180 గ్రాముల బరువు రికార్డు" అని అమ్మితే కాటా మీద పెట్టండి. మామూలు 12 అంగుళాల ఎల్పీ 140 గ్రాముల దగ్గర తూగుతుంది. అద్దం మీద పరిస్తే అంచు లేస్తోందా? ఎండకి వంగిపోయిందన్నమాట. మే నెలలో కొరియర్ వ్యాన్‌లో రోజంతా కాగితే అంతే మరి, ఈ ఒక్కదాంట్లో అమ్మినవాడి తప్పు లేకపోవచ్చు. వేసవిలో ఎల్పీ తెప్పించుకోకపోవడమే మేలు.

రిటర్న్ పికప్ మన పిన్‌కోడ్‌కి ఉందో లేదో ముందే కొట్టి చూడండి. బరంపురంలో ఉన్నంత మాత్రాన పర్లాకిమిడిలో ఉంటుందని లేదు. యూపీఐలో మొత్తం ముందే పంపొద్దు. పార్శిల్ విప్పేటప్పుడు లేబుల్ కనబడేలా, ఎక్కడా ఆపకుండా వీడియో తియ్యండి.

ఇప్పటికే పోగొట్టుకున్నవాళ్లు: సరుకు తేడా అయితే 1915కి (వినియోగదారుల హెల్ప్‌లైన్), డబ్బు తీసుకుని మాయమైతే వెంటనే 1930కి (సైబర్ మోసాల హెల్ప్‌లైన్) ఫోన్ చెయ్యండి. అమ్మినవాడు విశాఖలో ఉన్నా హైదరాబాదులో ఉన్నా అక్కడికి పరిగెత్తక్కర్లేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వెయ్యొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు కూడా లేదు. బిల్లు, చాట్ స్క్రీన్‌షాట్లు, వీడియో జతచెయ్యండి.