మెడిటరేనియన్ పార్టీ కిట్ కొంటున్నారా? సీసా వెనక ఏముందో చూశాకే డబ్బు కట్టండి

'పన్నెండు మందికి మెడిటరేనియన్ పార్టీ కిట్' అని ఆన్‌లైన్‌లో అమ్ముతుంటే మే నెలలో ఒకటి తెప్పించాను. 3,850 రూపాయలు. ఆ డబ్బు పోయిందన్న బాధతో ఇది రాయడం లేదు. ఆ పెట్టెలోని ఒక సీసా మూత తీసి అలాగే వాడి ఉంటే, నా స్నేహితురాలి ఆరేళ్ల కొడుకును ఆ రాత్రి ఆస్పత్రికి ఎత్తుకుని పరిగెత్తాల్సి వచ్చేది. అందుకే రాస్తున్నాను. చివరి దాకా చదవండి.

మేం డిగ్రీ కలిసి చదువుకున్నవాళ్లం, ఐదు కుటుంబాలు. ఏడాదికోసారి ఎవరో ఒకరి ఇంట్లో కలుస్తాం. ఈసారి అనంతపురం సాయినగర్‌లో మా మేడ మీద. ఎండలు మండిపోతున్నాయి, ఎప్పుడూ తినే బిర్యానీ వద్దు, తేలిగ్గా ఉండేది చేద్దామనుకున్నాం. ఉడికిన కాబూలీ శనగల్లో తహిని అనే నువ్వుల ముద్ద కలిపి రుబ్బే హమ్మస్, కాల్చిన వంకాయతో బాబా గనూష్, ఫెటా చీజ్ వేసిన గ్రీకు సలాడ్, శనగల వడల్లాంటి ఫలాఫెల్, నిమ్మరసంలో నానబెట్టి కాల్చిన చికెన్. ఇవీ అనుకున్న వంటలు. సుభాష్ రోడ్డు వైపు రెండు సూపర్ మార్కెట్లు తిరిగినా తహిని, ఫెటా నాకు దొరకలేదు. అన్నీ ఒకే పెట్టెలో వస్తాయి కదా అని ఆ కిట్‌కు డబ్బు కట్టేశాను.

పార్టీ ఆదివారమైతే పెట్టె శనివారం మధ్యాహ్నం వచ్చింది. తహిని సీసా మూత తీసి వాసన చూశాను, ఏదో తేడాగా అనిపించింది. పక్కనే ఉన్న మా అత్తమ్మ చేతికిచ్చాను. ఆమె వేలితో కొంచెం తీసి చూసి, "ఏమమ్మా, ఇది నువ్వుల ముద్ద కాదు, శనక్కాయ వాసనొస్తాంది" అంది. శనక్కాయ పండించిన ఇల్లు మాది. ఆ వాసన విషయంలో ఆమె పొరబడదు. సీసా మీద 'స్వచ్ఛమైన నువ్వుల తహిని' అని రంగుల స్టిక్కర్ అంటించి ఉంది. గోటితో గీకి తీస్తే కింద ఇంకో లేబుల్ బయటపడింది. దాని మీద నువ్వులు, వేరుశనగ, పామ్ నూనె అని రాసుంది.

నాకు కాళ్లు చల్లబడ్డాయి. రావాల్సిన పిల్లల్లో ఒకడికి శనక్కాయ పడదు. ఒక్క పలుకు నోట్లో పడినా పెదాలు వాచి ఊపిరి అందదు. వాడు నువ్వుండలు బాగా తింటాడు, నువ్వులతో ఇబ్బంది లేదు కాబట్టి హమ్మస్ వాడికి పెట్టొచ్చని వాళ్లమ్మకు నేనే ఫోన్‌లో ధైర్యం చెప్పాను. వేరుశనగ ఉన్న ప్యాకెట్ మీద ఆ సంగతి స్పష్టంగా రాయాలని ఫుడ్ సేఫ్టీ నిబంధన ఉంది. ఇక్కడ రాసిన దాన్నే స్టిక్కర్‌తో కప్పేశారు. ధర ఎక్కువ తీసుకోవడం వేరు, ఇది వేరు. దీన్ని నేను పొరపాటుగా చూడలేను.

ఆ తర్వాత పెట్టెలో ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా తిప్పి చూశాను. ఆలివ్ నూనె సీసా ముందు వైపు 'ఎక్స్‌ట్రా వర్జిన్' అని పెద్ద అక్షరాలు, వెనక చిన్న అక్షరాల్లో 'ఆలివ్ పొమేస్ ఆయిల్'. మన దగ్గర శనక్కాయ గానుగాడాక చెక్క మిగులుతుంది కదా, అలా ఆలివ్ పండ్లు పిండాక మిగిలిన పిప్పి నుంచి రసాయన ద్రావకాలతో లాగి, శుద్ధి చేసిన నూనె అది. అందులో కాస్త వర్జిన్ నూనె కలుపుతారు. వేపుళ్లకు వాడొచ్చు, తప్పులేదు. కానీ అసలు ఎక్స్‌ట్రా వర్జిన్ పండును పిండి తీసిందే, రసాయనాలేవీ తగలనిది. దాంట్లో ఆమ్లత్వం 0.8 శాతం మించకూడదు. మంచిదైతే కొంచెం చేదుగా ఉండి, మింగేటప్పుడు గొంతులో మిరియం తగిలినట్టుంటుంది. ఈ నూనెకు రుచీ లేదు, వాసనా లేదు. ఆకుపచ్చగా ఉందా, ఫ్రిజ్‌లో పెడితే గడ్డకడుతుందా అన్న పరీక్షలను నమ్మకండి, వాటితో ఏమీ తేలదు.

ఫెటా ప్యాకెట్ గోరువెచ్చగా ఉంది, జెల్ ప్యాక్ నీరైపోయింది. మే నెల ఎండలో చల్లగా తేవాల్సిన సరుకును మామూలు కొరియర్‌లో పంపారు. పైగా పదార్థాల్లో వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంది, అంటే చీజ్ లాంటిదే గానీ చీజ్ కాదు. అసలు ఫెటా గ్రీసులో గొర్రె పాలతో చేస్తారు, మేక పాలు 30 శాతం దాకా కలపొచ్చు. యూరప్‌లో 2002 నుంచి ఆ పేరు గ్రీసు చీజ్‌కే రక్షితం. మన దేశంలో ఆవు పాలతో చేసి ఆ పేరుతో అమ్ముతారు, అది కూడా సలాడ్‌కు బాగానే ఉంటుంది. ఇది అదీ కాదు. ఆలివ్ కాయల డబ్బా మీద దిగుమతిదారు స్టిక్కరే లేదు, పచ్చ చుక్క కూడా లేదు. 450 గ్రాములని రాశారు గానీ ఉప్పునీళ్లు వంపేస్తే సగానికి కొంచెం ఎక్కువ మిగిలింది.

కిట్‌తో ఇచ్చిన వంట కార్డులో డబ్బాలోని ఉడికిన శనగలతో ఫలాఫెల్ చేయమన్నారు. అలా చేయకండి, నూనెలో వేయగానే విడిపోతాయి. మసాలా వడకు శనగపప్పులాగే, నానబెట్టిన పచ్చి కాబూలీ శనగలు రుబ్బాలి.

అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే "మూత తీశారు కదా మేడమ్, తినే వస్తువులకు రిటర్న్ ఉండదు" అన్నారు. శనక్కాయ సంగతి చెప్పాక కాసేపు మాట్లాడలేదు, తర్వాత 500 రూపాయల కూపన్ ఇస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో లేబుళ్ల ఫొటోలు పెట్టాను. పెట్టె విప్పేటప్పుడు మా అబ్బాయి వీడియో తీయడం ఇప్పుడు చాలా ఉపయోగపడుతోంది. ఇది రాసే నాటికి డబ్బు తిరిగి రాలేదు.

ఇలాంటి కిట్ మీరు కొనాలనుకుంటే, డబ్బు కట్టకముందే ప్రతి సీసా వెనక లేబుల్ ఫొటో వాట్సాప్‌లో పంపమని అడగండి. పంపకపోతే కొనకండి, ఇంకో మాట అనవసరం. ఫొటోలో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్స్ నంబరు, దిగుమతిదారు చిరునామా, పదార్థాల జాబితా, గడువు తేదీ కనబడాలి. లేబుల్ మీద లేబుల్ ఉంటే వెంటనే వదిలేయండి. చీజ్‌ను ఎలా పంపుతారో, ఎన్ని గంటల్లో చేరుతుందో అడగండి. ఇంటికొచ్చే శాకాహారుల కోసం పచ్చ చుక్క చూడండి, కొన్ని విదేశీ చీజ్‌లను దూడ పొట్ట నుంచి తీసిన, పాలను గడ్డకట్టించే రెన్నెట్‌తో చేస్తారు.

మా విందు మాత్రం ఆగలేదు. పాత ఊరిలోని కిరాణా కొట్లో అర కిలో కాబూలీ శనగలు, పావు కిలో తెల్ల నువ్వులు తెచ్చాం. మిక్సీలో రోజూ శనక్కాయ చెట్నీ ఆడతాం కాబట్టి, అట్టపెట్టె కూడా విప్పని కొత్త జార్ తీసి, నువ్వులు రంగు మారకుండా వేయించి అందులో రుబ్బాం. శనగల్లో సగం ఉడికించి హమ్మస్‌కు, సగం పచ్చివే ఫలాఫెల్‌కు వాడాం. ఫలాఫెల్ వేయించడానికి శనక్కాయ నూనె పక్కన పెట్టి సన్‌ఫ్లవర్ నూనె ప్యాకెట్ కొత్తది కొన్నాం. పెరుగును గుడ్డలో కట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో వేలాడదీస్తే పొద్దుటికి గట్టి లబ్నె వచ్చింది, ఫెటా లేని లోటు తెలియలేదు. పీటా రొట్టెల బదులు అత్తమ్మ జొన్న రొట్టెలు కొట్టింది. కాల్చిన వంకాయకు అవి బాగా కుదిరాయి. ఆ పిల్లాడు హమ్మస్ రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు.

ఆ తహిని సీసాను స్టిక్కర్‌తో సహా కవర్లో కట్టి, అధికారులు అడిగితే ఇవ్వడానికి పక్కన పెట్టాను. మీ ఇంట్లో ఇలాంటి సీసా ఏదైనా ఉంటే, ముఖ్యంగా శనక్కాయ పడని పిల్లలుంటే, ఈ రోజే ఆ పై స్టిక్కర్ గీకి కింద ఏముందో చదవండి. ఆ తర్వాతే మూత తీయండి.