వంటకు గ్యాసా, కరెంటా? విశాఖ ఇంటికి ఏది మేలు?

విశాఖలో ఒక మధ్యతరగతి ఇంటికి వంటగ్యాసు ఖర్చూ, కరెంటు బిల్లూ రెండూ తప్పనివే. అయితే ఈ రెంటినీ విడివిడిగా చూసుకోవడమే మనకు అలవాటు. సిలిండర్ ధర పెరిగిందని వినగానే ఇండక్షన్ స్టవ్ కొంటాం, మే నెల బిల్లు చూసి దాన్ని అటకెక్కిస్తాం. రెండు ఖర్చులనూ ఒకే కాగితం మీద వేసి చూస్తే తప్ప ఏది చవకో, ఏది గాలికీ వాతావరణానికీ తక్కువ చేటు చేస్తుందో తేలదు. పైగా ఆ జవాబు అందరి ఇళ్ళకూ ఒకటి కాదు. మీ ఇంటి బిల్లు ప్రస్తుతం ఏ స్లాబులో ఆగుతోందో అదే చాలావరకు జవాబును నిర్ణయిస్తుంది.

ముందు గ్యాసు సంగతి. ఇంటి సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. దాన్ని పూర్తిగా మండిస్తే వచ్చే వేడి కరెంటు లెక్కలో రమారమి 180 యూనిట్లకు సమానం. కానీ ఆ వేడి అంతా గిన్నెకు చేరదు. మంట పక్కలనుంచి పైకి పోయేది, వంటగదిని వేడెక్కించేది పోగా, మామూలు వాడకంలో 60 శాతం గిన్నెకు దక్కితే మంచిదే అనుకోవాలి. కొత్త స్టవ్‌కు భారతీయ ప్రమాణం కోరే కనీస సామర్థ్యం 68 శాతం. బర్నర్ రంధ్రాలు పూడిపోయి మంట పసుపుపచ్చగా మారిన స్టవ్ 50 శాతం కూడా ఇవ్వకపోవచ్చు. ఇండక్షన్ స్టవ్‌లో వేడి నేరుగా గిన్నె అడుగులోనే పుడుతుంది కాబట్టి దాదాపు 85 శాతం వంటకు పనికొస్తుంది. ఈ రెంటినీ కలిపి చూస్తే ఒక సిలిండర్ చేసే పనిని ఇండక్షన్ స్టవ్ సుమారు 127 యూనిట్లతో చేస్తుంది. సిలిండర్ ఇంటికి చేరేసరికి 900 రూపాయలు అవుతుందనుకుంటే, యూనిట్ ఏడు రూపాయలకు పడినప్పుడు రెండూ సమానం. మీరు కట్టే ధర వేరైతే దాన్ని 127తో భాగించండి, మీ ఇంటి సరిహద్దు రేటు తెలిసిపోతుంది.

ఇక కరెంటు. విశాఖకు కరెంటు సరఫరా చేసే ఈపీడీసీఎల్ సంస్థ గృహ వినియోగదారులకు 2022లో అమలులోకి వచ్చిన స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయల చొప్పున, 31 నుంచి 75 వరకు 3 రూపాయలు, 76 నుంచి 125 వరకు 4.50, 126 నుంచి 225 వరకు 6, 226 నుంచి 400 వరకు 8.75, ఆపైన 9.75 రూపాయలు. ఇంధన సర్దుబాటు ఛార్జీలు, స్థిర ఛార్జీలు, సుంకం దీనికి అదనం. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి, వచ్చిన సగటుతో ఇండక్షన్ ఖర్చు లెక్కవేస్తారు. ఆ లెక్క తప్పు. ఇంట్లో ఉన్న లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ చవక స్లాబులను ఇప్పటికే వాడేసుకున్నాయి. కొత్తగా చేరే వంట యూనిట్లు వాటి మీద, అంటే ఖరీదైన మెట్ల మీద, వచ్చి కూర్చుంటాయి.

మూడు ఇళ్ళను ఊహించుకుందాం. మూడింట్లోనూ సిలిండర్ 40 రోజులు వస్తుంది, అంటే నెలకు 675 రూపాయల గ్యాసు. వంట అంతా కరెంటుకు మారిస్తే నెలకు 95 యూనిట్లు పెరుగుతాయి. మొదటి ఇల్లు ఇప్పుడు 110 యూనిట్లు వాడుతోంది. దానికి పెరిగే బిల్లు సుమారు 548 రూపాయలు, కనుక సర్దుబాటు ఛార్జీలు పోయినా ఎంతో కొంత మిగులుతుంది. రెండో ఇల్లు 180 యూనిట్లు వాడుతోంది. అక్కడ 45 యూనిట్లు 6 రూపాయల మెట్టులోనూ, మిగిలిన 50 యూనిట్లు 8.75 మెట్టులోనూ పడి 708 రూపాయలు అవుతాయి, అంటే గ్యాసు కంటే ఎక్కువే. మూడో ఇంట్లో ఏసీ ఉంది, వేసవిలో 300 యూనిట్లు దాటుతోంది. అక్కడ 95 యూనిట్లకూ 831 రూపాయలు కట్టాలి. అదే రెండో ఇంటివారు సగం వంట మాత్రమే మార్చి 45 యూనిట్ల దగ్గర ఆగితే, 225 దాటకుండా 270 రూపాయలతో సరిపోతుంది. ఆ సగం వంటకు గ్యాసు మీద 337 రూపాయలు అయ్యేవి. నా ఉద్దేశంలో నగరంలోని ఎక్కువ ఇళ్ళు ఈ రెండో ఇంటి లాంటివే, వాటికి సగం మార్పే సరైన మార్పు.

ఈ అంకెలను నేను మా వంటగదిలో సరిచూసుకున్నాను. ప్రయాణాలకు వాడే కొక్కెం తూకానికి సిలిండర్‌ను తగిలించి పది రోజులు పొద్దున్నే బరువు రాసుకుంటే, మూడున్నర కిలోలు తగ్గింది. సాకెట్‌కూ ప్లగ్గుకూ మధ్య పెట్టే చిన్న మీటరు తెచ్చి ఇండక్షన్ మీద లీటరు నీళ్ళు మరిగిస్తే, అది 0.1 యూనిట్ చూపించింది. ఆరు రూపాయల స్లాబులో అది 60 పైసలు. అదే లీటరుకు గ్యాసు సుమారు 11 గ్రాములు కావాలి, దాని ఖరీదు దాదాపు 70 పైసలు. తేడా పది పైసలే. బర్నర్ శుభ్రంగా ఉంచుకోవడం, గిన్నెకు మూత పెట్టడం, కందిపప్పును అరగంట నానబెట్టి కుక్కర్‌లో వేయడం, ఈ మూడూ కలిసి ఆ పది పైసల కంటే ఎక్కువే మిగులుస్తాయి. కాబట్టి స్టవ్ మార్చడానికి ముందు వంట పద్ధతిని చూసుకోవడం న్యాయం.

రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో మొదలుపెట్టిన దీపం-2 పథకం కింద అర్హత ఉన్న కుటుంబాలకు ఏడాదికి 3 సిలిండర్లు ఉచితం. ఇద్దరు ముగ్గురు మాత్రమే ఉండి, ఏడాదికి నాలుగైదు సిలిండర్లతో సరిపెట్టుకునే ఇంటికి ఈ మూడూ పెద్ద భాగం. అలాంటి ఇంటివారు చవకదనం కోసం ఇండక్షన్ కొనవలసిన అవసరం లేదు.

డబ్బు లెక్క ఒక ఎత్తు, వండేది ఏమిటన్నది ఇంకో ఎత్తు. అన్నం, పాలు, టీ, పప్పు, ఇడ్లీ, గుడ్లు ఉడకబెట్టడం వంటి నీళ్ళ వంటలన్నీ ఇండక్షన్ మీద గ్యాసు కంటే తొందరగా, గది వేడెక్కకుండా అవుతాయి. సముద్రపు తేమతో ఒళ్ళంతా జిడ్డుగా ఉండే మే నెల మధ్యాహ్నం వంటగదిలో నిలబడేవారికి ఆ తేడా బాగా తెలుస్తుంది. ఇనుప పెనం మీద దోసెలు కూడా చక్కగా వస్తాయి. అయితే మట్టి చట్టిలో చేపల పులుసు పెట్టేవారికి, వంకాయ మంట మీద కాల్చి పచ్చడి చేసుకునేవారికి, పుల్కాలు పొంగించేవారికి గ్యాసుకు సాటి లేదు. అల్యూమినియం, రాగి గిన్నెలు మామూలు ఇండక్షన్ మీద పనిచేయవు. గిన్నె అడుగుకు అయస్కాంతం గట్టిగా అంటుకుంటే అది పనికొస్తుంది, లేకపోతే లేదు. కొత్త గిన్నెలు కొనవలసి వస్తే ఆ ఖర్చు కూడా లెక్కలో వేయాలి. వంటలో సగానికి సగం అన్నమే అయిన మన ఇళ్ళకు మంచి రైస్ కుక్కర్ ఒక్కటి చేర్చుకోవడం కూడా ఈ మార్పులో భాగమే.

భద్రత విషయంలో ఒక అనుభవం చెప్పాలి. రెండువేల వాట్ల స్టవ్ దాదాపు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. దాన్ని మేము మొదట మిక్సీకి వాడే 6 ఆంపియర్ల చిన్న సాకెట్‌లోనే, మధ్యలో ఒక అడాప్టర్ పెట్టి తగిలించాం. మూడో వారంలో ఒకరోజు పాలు కాస్తుండగా కాలిన వాసన వచ్చింది. ప్లగ్గు లాగితే దాని పిన్ను చుట్టూ ప్లాస్టిక్ కరిగి, సాకెట్ గోడవైపు గోధుమరంగుకు తిరిగి ఉంది. ఎలక్ట్రీషియన్ వచ్చి మందపాటి వైరుతో 16 ఆంపియర్ల సాకెట్ వేరుగా లాగిన తరువాతే ధైర్యంగా వాడుతున్నాం. పాత ఇళ్ళలో ఉండేవారు స్టవ్ కొనే రోజే ఈ పని చేయించుకోవాలి.

పర్యావరణం దృష్ట్యా ఏది మేలు అన్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలంటే, కరెంటు వంట పచ్చనిదన్న మాట ఇప్పటికింకా మనకు పూర్తిగా వర్తించదు. కిలో గ్యాసు మండితే సుమారు 3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అంటే సిలిండర్‌కు 43 కిలోలు. మన దేశపు గ్రిడ్, అంటే విద్యుత్ కేంద్రాలన్నిటినీ కలిపే లైన్ల వల, ఇచ్చే కరెంటు యూనిట్‌కు సగటున 0.7 కిలోలు విడుదల చేస్తుంది. ఆ లెక్కన 127 యూనిట్లకు 89 కిలోలు. రెట్టింపు! కారణం దూరాన లేదు. పరవాడలోని సింహాద్రి విద్యుత్ కేంద్రం 2,000 మెగావాట్లూ బొగ్గు మీదే నడుస్తోంది. అదే కేంద్రపు జలాశయం మీద 2021లో 25 మెగావాట్ల తేలియాడే సౌర పలకలు వచ్చాయి. ఆ రెండు అంకెల మధ్య దూరమే మన గ్రిడ్ ఇంకా నడవవలసిన దూరం. గ్యాసు వైపు చూస్తే, దేశం వాడే వంటగ్యాసులో సగానికి పైగా ఓడల్లో విదేశాల నుంచి వస్తున్నదే. డాల్ఫిన్స్ నోస్ వద్ద భూగర్భంలో రాతిని తొలిచి కట్టిన 60,000 టన్నుల నిల్వ గుహ 2007 నుంచి ఉన్నది ఆ దిగుమతుల కోసమే. అయినా నేను ఇండక్షన్ వైపే కొంచెం మొగ్గుతాను. గ్రిడ్‌లో సౌర, పవన విద్యుత్తు వాటా ఏటా పెరుగుతోంది, గ్యాసు మంట మాత్రం పదేళ్ళ తరువాతా అంతే పొగను ఇస్తుంది. గాలి ఆడని చిన్న వంటగదిలో ఆ మంట వదిలే నైట్రోజన్ డయాక్సైడ్‌ను పీల్చేది మన ఇంటివాళ్ళే.

ఆ సగం వంటకు కావలసిన యూనిట్లను ఇంట్లోనే మరోచోట మిగుల్చుకోవచ్చు. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తీసుకుంటుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల దగ్గర ఆగుతుంది. రోజుకు 15 గంటలు తిరిగే రెండు ఫ్యాన్లు మారిస్తే నెలకు 40 యూనిట్లు తగ్గుతాయి. మీటరు పెరగకుండానే సగం వంట కరెంటు మీదకు వచ్చినట్టు, గ్రిడ్ మీద బొగ్గు భారం కూడా పెరగనట్టు.

స్నానం నీళ్ళ విషయం క్లుప్తంగా చెబుతాను. విశాఖలో వేడినీళ్ళ అవసరం డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకే గట్టిగా ఉంటుంది. నలుగురికి రోజుకు నాలుగు బకెట్లు గోరువెచ్చగా చేయడానికి గీజర్‌కు ఒకటిన్నర యూనిట్ చాలు, అంటే చలికాలం మొత్తానికి 135 యూనిట్లు. ఈ కొద్దిపాటి ఖర్చు కోసం వేల రూపాయలు పోసి సోలార్ వాటర్ హీటర్ పెట్టించడం ఇక్కడ గిట్టుబాటు కాదు, బోరు నీళ్ళయితే దాని గొట్టాల్లో ఉప్పు పేరుకుంటుంది కూడా. ఇంట్లో ఏడాది పొడవునా వేడినీళ్ళు కావలసిన పెద్దవారు ఉంటే అది వేరే సంగతి. గ్యాస్ గీజర్‌ను మాత్రం మూసి ఉన్న స్నానాల గదిలో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు.

సొంత డాబా ఉన్నవారికి అన్నిటికంటే మేలైన దారి పైకప్పు మీద సౌర పలకలే. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30,000 రూపాయలు, 3 కిలోవాట్లు ఆపైన మొత్తం 78,000 రూపాయలు రాయితీగా ఇస్తున్నారు. రెండు కిలోవాట్లు నెలకు సగటున 240 యూనిట్ల వరకు ఇస్తాయి. వంట అంతా కరెంటుకు మార్చి 275 యూనిట్లకు చేరిన ఆ రెండో ఇల్లు మళ్ళీ 35 యూనిట్లకు దిగివస్తుంది, యూనిట్ల ఛార్జీ ఒక్కదానిలోనే నెలకు దాదాపు 1,380 రూపాయలు మిగులుతాయి. పైన చెప్పిన పొగ లెక్క కూడా అప్పుడు తిరగబడుతుంది. అపార్ట్‌మెంటులో అయితే డాబా అందరిదీ కనుక ముందు సంఘంలో ఒప్పందం కుదరాలి. పని చేయించేటప్పుడు సముద్రపు గాలిని గుర్తుపెట్టుకోండి. ఫ్రేముకు మంచి జింకు పూత, బోల్టులకు స్టెయిన్‌లెస్ స్టీలు అని కొటేషన్‌లోనే రాయించుకోవాలి. భారత ప్రమాణాల ప్రకారం విశాఖలో కట్టడాలు తట్టుకోవలసిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఫ్రేమును ఆ లెక్కకు బిగించారా అని అడగడం మన హక్కు.

సౌర పలకలు ఉన్నా, ఇండక్షన్ ఉన్నా గ్యాసు కనెక్షన్‌ను వదులుకోమని నేను ఎవరికీ చెప్పను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. బ్యాటరీ లేని సౌర పలకలు గ్రిడ్ ఆగగానే తామూ ఆగిపోతాయి. ఆ రోజుల్లో ఇంట్లో అన్నం ఉడికింది గ్యాసు పొయ్యి మీదే. మా ఇంట్లో ఇప్పుడు అన్నం రైస్ కుక్కర్‌లో, పాలూ టీ పప్పూ ఇండక్షన్ మీద, పులుసూ వేపుళ్ళూ పోపూ గ్యాసు మీద అవుతున్నాయి. 40 రోజులు వచ్చే బండ 70 రోజులు వస్తోంది, ఏసీ వేసే ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఇండక్షన్ పక్కన పెట్టి తిరిగి గ్యాసుకు వెళ్తున్నాం.