డయలప్ మీద డెబియన్: దేవరకొండలో ఆరేళ్ల వాడకం తర్వాత

దేవరకొండ బస్టాండు దగ్గరి సందులో జిరాక్సు, డీటీపీ పనుల దుకాణం నడుపుతూ 2005 చివరి నుంచి 2011 దాకా నేను ఇంటర్నెట్‌ను డయలప్ మీదే, అంటే ఫోను లైను మీద నంబరు తిప్పి కలుపుకునే పద్ధతిలోనే, అదీ విండోస్ బదులు లినక్స్‌లోనే వాడాను. పోస్టులో ఉచితంగా వచ్చిన ఉబుంటు 5.10 అన్న లినక్స్ రకం సీడీతో మొదలుపెట్టి, 2007లో మరో రకమైన డెబియన్ 4.0కు, ఆ తర్వాత 5.0కు మారాను. నంబరు తిప్పే డబ్ల్యూవీడయల్, లైను కలిశాక లంకెను నిలబెట్టే పీపీపీడీ అన్న రెండు ప్రోగ్రాములు, పని ఆగిపోయినప్పుడు మనిషికి ఎంతవరకు తోడ్పడతాయన్నదే ఈ సమీక్షలో చెప్పదలచుకున్నది.

నా తీర్పు ముందే చెబుతాను. విండోస్‌లో పది నిమిషాల్లో అయ్యే మొదటి కనెక్షన్‌కు ఇక్కడ నాకు పదకొండు రోజులు పట్టింది. ఆ తర్వాత మాత్రం, లైను తెగిన ప్రతిసారీ తప్పు నా ఫైల్లో ఉందో, స్తంభం మీది తీగలో ఉందో, అవతలి సర్వరులో ఉందో టీ చల్లారేలోపు తేలిపోయేది. విండోస్ ఇచ్చే మూడంకెల ఎర్రర్ నంబరు పట్టుకొని టెలిఫోన్ ఎక్స్చేంజి చుట్టూ తిరిగిన రోజులు గుర్తున్నవారికి ఈ తేడా విలువ తెలుస్తుంది.

ఆ పదకొండు రోజుల్లో తొమ్మిది, కంప్యూటరు సంకేతాలను ఫోను తీగ మీద పోయే శబ్దంగా మార్చే మోడెమ్ దగ్గరే గడిచాయి. కంప్యూటరుతో వచ్చిన పీసీఐ కార్డు, సంకేతాల లెక్కలన్నీ తాను చేయకుండా ప్రాసెసరు మీదికి నెట్టేసే రకం. ఆ లెక్కలు చేసే డ్రైవరు విండోస్‌కే సరిగా ఉండేది కాబట్టి వీటికి విన్‌మోడెమ్ అన్న పేరు స్థిరపడింది. కార్డుల జాబితా చూపే ఎల్ఎస్‌పీసీఐ ఆదేశం కొడితే కార్డు పేరు చక్కగా కనబడేది, కానీ మోడెమ్‌ను వెతికే డబ్ల్యూవీడయల్‌కాన్ఫ్ నడిపితే అది మొదటి సీరియల్ పోర్టు టీటీవైఎస్0 మొదలుకొని ఒక్కొక్క పోర్టునూ తట్టి చూసి, మోడెమ్ ఎక్కడా లేదని తేల్చేసేది. దానికి దొరికిన లినక్స్ డ్రైవరు ఉచిత రూపంలో 14.4 కిలోబిట్ల వేగం దాటనిచ్చేది కాదు, పూర్తి వేగం కావాలంటే కొనుక్కోవాల్సి వచ్చేది. పైగా లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్ మారినప్పుడల్లా దాన్ని మళ్లీ కంపైల్ చేసుకోవాల్సి వచ్చేది. నెట్ కోసం డ్రైవరు, డ్రైవరు కోసం నెట్ అన్న ఈ చిక్కులో వారం గడిచాక, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయి, సీరియల్ పోర్టుకు తగిలించే బయటి మోడెమ్ పాతది ఒకటి తెచ్చాను. ఆ రాత్రి మోడెమ్‌తో నేరుగా మాట్లాడే మినికామ్ ప్రోగ్రాము తెరిచి, మోడెమ్‌ను పలకరించే ఏటీ అన్న ఆదేశం కొట్టగానే కింది వరుసలో ఓకే అని వచ్చింది. మా ఇంట్లో దానికి అంత సంబరం ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు.

బయటి మోడెమ్ ఉంటే సగం కష్టం తీరినట్టే. మిగిలిన చిన్న అడ్డంకి అనుమతులది: మామూలు యూజరుగా నడిపితే పోర్టు తెరవలేనంటుంది. అందరూ సర్వాధికారాలున్న రూట్ యూజరుగా నడిపేయమంటారు, దుకాణంలో నలుగురు కూర్చునే కంప్యూటరులో అది మంచిది కాదు. డయలౌట్, డిప్ గ్రూపుల్లో యూజరును చేర్చి ఒకసారి లాగౌటై వస్తే సరిపోతుంది.

తర్వాతిది డయల్ టోన్ గొడవ. రిసీవరు ఎత్తితే టోన్ నిండుగా వినబడుతూనే ఉండేది, తెరమీద మాత్రం 'నో డయల్‌టోన్' అని వచ్చేది. అమెరికాలో డయల్ టోన్ 350, 440 హెర్ట్జ్‌ల జోడీ. మన దేశంలోది 400 హెర్ట్జ్ స్వరాన్ని 25 హెర్ట్జ్‌తో ఊపినది. అక్కడి లెక్కకు సెట్ చేసిన మోడెమ్‌కు మన టోన్ టోన్‌లా వినబడదు. డబ్ల్యూవీడయల్ ఫైలులో, మోడెమ్‌కు మొదట పంపే ఆదేశాలుండే ఇనిట్ వరుసలో ఏటీఎక్స్3 చేరిస్తే టోన్ కోసం ఎదురుచూడకుండా నంబరు తిప్పేస్తుంది, అవతల ఎంగేజ్ ఉంటే మాత్రం గుర్తుపడుతుంది. ఈ ఒక్క మాట తెలియక మోడెమ్ పాడైందని పక్కన పడేసినవారిని నేను కల్వకుర్తిలో ఇద్దరిని, అచ్చంపేటలో ఒకరిని చూశాను.

నంబరు కలిశాక తెరమీద 'కనెక్ట్ 115200' అని పడుతుంది. మొదట్లో నేను దాన్ని చూసి పొంగిపోయాను. అది కంప్యూటరుకూ మోడెమ్‌కూ నడుమ ఉన్న మూరెడు కేబులు వేగం. ఫోన్ తీగ మీది అసలు వేగం చూడాలంటే ఇనిట్ వరుసలో డబ్ల్యూ2 చేర్చాలి. చేర్చిన తర్వాత నిజం బయటపడింది: ఎండ కాసిన రోజున 42667, ముసురు పట్టిన రోజున 26400. ఈ అంకెల్లోనే ఒక కిటుకు ఉంది. అంకె 33600 దాటకుండా ఉండి, 2400తో నిశ్శేషంగా భాగింపబడితే మోడెమ్ వేగమైన వీ.90 పద్ధతి వదిలేసి పాత వీ.34కు దిగజారిందని అర్థం. వీ.90 పనిచేయాలంటే సర్వరు నుంచి ఎక్స్చేంజి దాకా దారంతా డిజిటల్‌గా ఉండి, చివరి తీగ ఒక్కటే అనలాగ్ అయి ఉండాలి, ఆ తీగ కూడా శుభ్రంగా ఉండాలి. ఎండాకాలం 42667 ఇచ్చిన లైను వానాకాలం 26400 ఇస్తున్నదంటే ఎక్స్చేంజిని తప్పు పట్టేందుకు లేదు, తీగనే వెతకాలి.

ఈ లెక్క ఆసరాతోనే 2006 వానాకాలంలో లైన్‌మన్‌ను పిలిచాను. ఆయన తన టెస్ట్ ఫోను తగిలించి విని, "మాట మంచిగనే వినవడుతుంది గద సారూ, ఇంకేంగావాలె?" అన్నాడు. "మాట కాదన్నా, దీని కూత వినాలె" అని మోడెమ్ స్పీకరు గొంతు పెంచి డయల్ చేసి చూపించాను. పొడిగా ఉన్న రోజున ఆ కీచుమనే శబ్దం ఒక దమ్ములో సాగి ఆగిపోతుంది. ఆ రోజు అది రెండుమూడుసార్లు తడబడి, మళ్లీ మొదటికి వచ్చి, చివరికి 'నో క్యారియర్' (అవతలి మోడెమ్ సంకేతం అందడం లేదు) అని చచ్చిపోయింది. ఆయనకు అది పట్టింది. వీధి చివర వేపచెట్టు పక్కని స్తంభం ఎక్కి చూస్తే, ఎప్పుడో వేసిన జాయింటు, దానికి చుట్టిన పాలప్యాకెట్ కవరు, ఆ కవరులో నిలిచిన నీళ్లు, పచ్చగా చిలుం పట్టిన రాగి కనబడ్డాయి. జాయింటు కోసి కొత్తగా కలిపాక ఆ సాయంత్రమే 40000 దాటింది. మనిషి గొంతుకు అడ్డురాని చిటపట మోడెమ్‌కు గోడంత అడ్డు అన్న సంగతి ఆయన ఆ తర్వాత నాకంటే బాగా చెప్పేవాడు.

ప్రతి వానకూ లైన్‌మన్‌ను పిలవలేం కాబట్టి సెట్టింగుల ఫైలులోనే 'వాన' అని రెండో డయలర్ విభాగం పెట్టుకున్నాను. నంబరు, పాస్‌వర్డు డిఫాల్ట్స్ విభాగం నుంచే తీసుకుంటుంది. తేడా అల్లా ఏటీ+ఎంఎస్ ఆదేశంతో మోడెమ్‌ను మొదటే వీ.34కు కట్టేయడం, ఎస్10 రిజిస్టరును 14 నుంచి 60కి పెంచడం. ఎస్10 అంటే క్యారియర్ పోయాక ఎన్ని పదోవంతు సెకన్లు ఓపిక పట్టాలన్నది. 1.4 సెకన్లకే ఫోను పెట్టేసే మోడెమ్ ఆరు సెకన్లు ఆగడంతో, కాల్ వెయిటింగ్ బీప్ వచ్చినా చాలాసార్లు లంకె తెగేది కాదు. పక్క గదిలో ఎవరైనా ప్యారలల్ ఫోను ఎత్తితే మాత్రం ఏ రిజిస్టరూ కాపాడదు. దానికి ఇంట్లో వాళ్లతో ఒప్పందమే మార్గం.

ఇక ఈ జంట ప్రోగ్రాములలో నాకు అన్నిటికంటే నచ్చినది, పీపీపీడీ ఆగిపోతూ చెప్పే ఎగ్జిట్ కోడ్. 16 వస్తే మోడెమ్ ఫోను పెట్టేసింది, లైను చూసుకోవాలి. 15 వస్తే లైను ఉంది గానీ అవతలి వైపు పలకరింపులకు జవాబు లేదు. ఎల్‌సీపీ ఎకో అనే ఆ పలకరింపుల విరామాన్ని, ఎన్నిసార్లు విఫలమైతే వదిలేయాలన్న సంఖ్యను పెంచి చూడాలి. 19 వస్తే మన యూజరు పేరునో పాస్‌వర్డునో అవతల ఒప్పుకోలేదు. ఒకసారి వరుసగా రెండు రోజులు 19 వచ్చింది. గంటల ప్యాకు ఇంకా మిగిలి ఉందని నా లెక్క. నెట్ కనెక్షన్ ఇచ్చిన ఆఫీసుకు ఫోను చేస్తే "మీ కంప్యూటరులోనే ఏదో ఉంది, ఫార్మాట్ చేయించండి" అన్నారు. లైను కలుస్తున్నదని, 42667 వేగం కూడా వస్తున్నదని, పేరు అడిగిన తర్వాతే మీ సర్వరు కాదంటున్నదని లాగ్ ప్రింటు తీసుకుపోయి కౌంటరు మీద పెట్టాను. గంటల లెక్క వాళ్ల దగ్గర తప్పుగా ఎక్కిందని తేలడానికి ఇంకో అరగంట పట్టింది.

చిరాకు పెట్టే గుణాలు కూడా ఉన్నాయి. లైను కలిశాక డబ్ల్యూవీడయల్ అవతలి సర్వరు లాగిన్ అడుగుతుందని ఎదురుచూస్తుంది. కొన్ని సర్వర్లు ఏమీ అడగకుండా నేరుగా పీపీపీ (పీపీపీడీ నిలబెట్టే లంకె) మొదలుపెడతాయి. అప్పుడు తెరమీద టిల్డే (~) గుర్తులు, మూసే మీసపు బ్రాకెట్లు (}) కలగలిసిన చెత్త వరుస ఒకటి పడుతుంది. ఆ చెత్తే మంచి శకునం, అవతల పీపీపీ లేచిందన్నమాట. మామూలుగా డబ్ల్యూవీడయల్ దాన్ని గుర్తుపడుతుంది, పట్టకపోతే గడువు దాటేదాకా దిక్కులు చూస్తూ కూర్చుంటుంది. ఫైలులో 'స్టుపిడ్ మోడ్' అన్న వరుసకు ఎస్ అని రాస్తే ఆలోచన మానేసి వెంటనే పీపీపీడీని లేపుతుంది. ఆ పేరు పెట్టినవారి హాస్యం బాగానే ఉంది గానీ, దాని అవసరం వచ్చినవాడికి ఆ సమయంలో నవ్వు రాదు.

కలిసినట్టే కలిసి పేజీ ఒక్కటీ తెరుచుకోకపోవడం కొత్తవారిని అన్నిటికంటే ఎక్కువగా ఏడిపిస్తుంది. ఇది దాదాపు ఎప్పుడూ రెండిట్లో ఒకటే. దుకాణంలో రెండు కంప్యూటర్లను నెట్‌వర్క్ కార్డుతో కలిపి, ఆ కార్డుకు గేట్‌వే (బయటికి పోయే ద్వారం చిరునామా) కూడా రాసి ఉంటే, డిఫాల్ట్ రూటు, అంటే ప్యాకెట్లు బయటికి పోయే దారి, అప్పటికే ఉంది కాబట్టి పీపీపీడీ దాన్ని మార్చదు. ప్యాకెట్లన్నీ ఫోన్ వైపు పోకుండా పక్క కంప్యూటరు వైపు పోతాయి. ఆ దారుల పట్టికను చూపే రూట్ -ఎన్ ఆదేశం కొట్టి చూసి, ఆ గేట్‌వే వరుస తీసేస్తే పని అవుతుంది. అంకెల చిరునామాకు పింగ్ పోతూ పేరుకు పోకపోతే తప్పు, పేర్లను అంకెల చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్‌ది. యూజ్‌పీర్‌డీఎన్ఎస్ ఆప్షను ఉందో లేదో, రిజాల్వ్.కాన్ఫ్ ఫైలులో కొత్త చిరునామాలు పడ్డాయో లేదో చూడాలి. తెలిశాక ఇది రెండు నిమిషాల పని. కానీ 'కనెక్టెడ్' అని చూసి సంతోషపడిన మనిషికి ఈ రెండు సంగతులు చెప్పే సందేశం తెరమీద ఎక్కడా రాదు, ఈ విషయంలో నేను మార్కులు తగ్గిస్తాను.

ఇంకా పెద్ద తగ్గింపు ఆటో రీకనెక్ట్‌కు. అది ముందుగానే ఆన్‌లో ఉంటుంది. ఒక ఆగస్టు రాత్రి అప్‌డేట్లు దిగుతాయని వదిలేసి నిద్రపోయాను. వాన పడింది, లైను తెగింది, డబ్ల్యూవీడయల్ మళ్లీ తిప్పింది, మళ్లీ తెగింది. పొద్దున లాగులో లెక్కపెడితే అరవైకి పైగా డయళ్లు, ప్రతి డయలూ బిల్లులో ఒక కాల్. తప్పు నాదే, మాన్యువల్‌లో అది రాసే ఉంది. అయినా తీగ వానకు తడిసే చోట ఆ వరుసకు నో అని రాయడం, పీపీపీడీకి ఐడిల్ 600 అని చెప్పి పది నిమిషాలు కదలిక లేకపోతే ఫోను పెట్టేయించడం మొదటి రోజే చేయాల్సిన పనులు.

పెద్ద డౌన్‌లోడ్ల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. సెకనుకు నాలుగున్నర కిలోబైట్లు వస్తే 700 ఎంబీల సీడీకి 44 గంటలు పడుతుంది. ప్యాకేజీలు దించే ఆప్ట్‌గెట్‌కు ప్రింట్-యూఆర్ఐస్ అని చెప్పి చిరునామాల జాబితా తీసుకుని, హైదరాబాద్ పోయినప్పుడు నెట్‌ సెంటరులో దించుకుని రావడమే తెలివైన పని. ఎంసెట్ ఫలితాల రోజున మాత్రం డయలపే దిక్కు: ఉదయమంతా 'బిజీ' అనే వచ్చేది, దొరికిన లైను మీద బొమ్మలు లేకుండా లింక్స్ బ్రౌజరులో హాల్ టికెట్ నంబర్లు ఒక్కొక్కటే కొడుతుంటే పిల్లలు నా కుర్చీ వెనక ఊపిరి బిగబట్టి నిలబడేవారు.

2008 మే నెలలో గాలిదుమారంతో వచ్చిన పిడుగుకు ఆ మోడెమ్, దానితోపాటు సీరియల్ పోర్టు పోయాయి. యూపీఎస్ ఉంది కదా అని నిశ్చింతగా ఉన్నాను. పిడుగు కరెంటు తీగలో రాలేదు, ఫోను తీగలో వచ్చింది. అప్పటి నుంచి మబ్బు పడితే మొదట ఫోను జాక్ పీకడం అలవాటైంది.

2011లో దుకాణానికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక కూడా డబ్ల్యూవీడయల్‌ను తీసేయలేదు, ఎందుకంటే సిమ్ వేసుకునే యూఎస్‌బీ డాంగిల్ కూడా లోపల డయలపే. నంబరు స్థానంలో *99# రాసి, పోర్టును టీటీవైయూఎస్‌బీ0గా మార్చితే పాత ఫైలే పనిచేస్తుంది, పాత ఎగ్జిట్ కోడ్లే వస్తాయి. కొన్ని డాంగిళ్లు తగిలించగానే సీడీ డ్రైవులా కనబడతాయి, వాటికి యూఎస్‌బీ మోడ్‌స్విచ్ ప్యాకేజీ వేసుకోవాలి. డబ్ల్యూవీడయల్ నడుస్తుండగా డాంగిల్ పీకి మళ్లీ పెడితే పాత పోర్టు ఇంకా పట్టులోనే ఉండి కొత్తది వేరే అంకెతో లేస్తుంది, ఫైలులోని చిరునామాకు ఎవరూ పలకరు. అట్లాంటప్పుడు ముందు పీపీపీడీని ఆపి, ఆ తర్వాతే డాంగిల్ తీయాలి.