కాంగోలో మన బీఎంపీ-2, పక్కనే కాస్పిర్, టీ-55, రూయ్‌వాల్క్: ఒక ఈఎంఈ మెకానిక్ సమీక్ష

ఆఫ్రికాలో ఏ దేశం సైన్యం గట్టిదని మా ఊరి కుర్రాళ్లు నన్ను తరచూ అడుగుతుంటారు. నేను కాంగోలో ఏడాది పనిచేసి వచ్చానని వాళ్లకు తెలుసు. ఫోన్లో ఏదో పట్టిక తీసి చూపిస్తారు. ఈజిప్టుకు ఇన్ని ట్యాంకులు, అల్జీరియాకు ఇన్ని, దక్షిణాఫ్రికాది ఎన్నో స్థానం, ఇథియోపియాది ఎన్నో స్థానం. ఆ అంకెలు తప్పని నేననను. ఈజిప్టు దగ్గర వెయ్యికి పైగా అబ్రామ్స్ ట్యాంకులున్న మాట నిజమే. అల్జీరియా దగ్గర మన దగ్గరున్న బీఎంపీ-2లే ఉన్నాయి, అంటే జవాన్లను మోసుకెళ్తూ ఫిరంగితో పోరాడే చైన్ల బండ్లు. వాటికి ట్యాంకులను కొట్టే కోర్నెట్ మిసైళ్లు కూడా బిగించుకున్నారు. కానీ పొద్దున్నే ఆరింటికి, వానలో, ఆ బండ్లలో ఎన్ని స్టార్టవుతాయో ఆ పట్టికలో ఉండదు. నా ఉద్యోగమంతా ఆ ఒక్క లెక్క మీదే గడిచింది. అందుకే నేను చేత్తో ముట్టుకుని చూసినవాటి గురించి మాత్రమే రాస్తున్నాను.

నేను సైన్యంలో ఈఎంఈ వాణ్ని, అంటే బండ్లూ ఆయుధాలూ బాగుచేసే విభాగం. సికింద్రాబాద్‌లో ట్రైనింగ్ అయ్యాక పద్నాలుగేళ్లు బీఎంపీ-2 మీదే చేశాను. సోవియట్ డిజైనే అయినా 1987 నుంచి మన మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో, ఎద్దుమైలారంలో తయారవుతోంది. మన సైన్యంలో దాని పేరు సారథ్. 2013లో ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో మా బీఎంపీలతో పాటు నేనూ గోమా వెళ్లాను. ఎడారిలోనూ పంజాబ్ పొలాల్లోనూ ఆ బండిని నడిపించినవాణ్ని, దీని సంగతి నాకు పూర్తిగా తెలుసనుకున్నాను. గోమాలో దిగాక మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది.

గోమా కివు సరస్సు ఒడ్డున ఉంటుంది, వెనకాల న్యిరాగోంగో అగ్నిపర్వతం. 2002లో ఆ కొండ పగిలి లావా ఊరి మధ్యలోంచి సరస్సు దాకా పారింది. ఆ గడ్డకట్టిన నల్లరాయి మీదే మళ్లీ ఇళ్లు కట్టుకున్నారు, రోడ్లు వేసుకున్నారు. ఆ రాయి చూడ్డానికి స్పాంజిలా ఉంటుంది, తాకితే ఆకురాయిలా గీరుకుంటుంది. బీఎంపీకి ఒక్కో పక్క ఆరు రోడ్ వీల్స్, వాటి అంచున రబ్బరు ఉంటుంది. మన దగ్గర ఏళ్ల తరబడి వచ్చే ఆ రబ్బరు అక్కడ నెలల్లోనే చెక్కలు చెక్కలుగా ఊడిపోయేది. రోజూ సాయంత్రం బండి లోపలికి రాగానే టార్చ్ పట్టుకుని చక్రం చక్రం చూసేవాణ్ని. అరచెయ్యంత ముక్క ఊడితే రాసుకోవడం, అంతకంటే పెద్దదైతే చక్రం మార్చడం. తీసుకెళ్లిన స్పేర్ చక్రాలు అంచనా వేసినదానికి సగం కాలం కూడా రాలేదు.

ఆ ఊడిన ముక్కలకు ఒక గిరాకీ ఉండేది. గోమాలో చుకుడు అని చెక్కబండి ఉంటుంది, కొయ్యతో చేసిన పెద్ద స్కూటర్ లాంటిది. బస్తాలకు బస్తాలు బంగాళాదుంపలు, బొగ్గు దానిమీదే వేసుకుని కొండ దిగుతారు. దాని చక్రాలకు పాత టైరు రబ్బరు చుట్టి మేకులు కొడతారు. మా గేటు దగ్గరికి ఒక చుకుడు మనిషి వచ్చి ఆ ముక్కల కోసం అడిగేవాడు. నన్ను ‘ఫుండి’ అని పిలిచేవాడు. స్వాహిలీలో మెకానిక్, మేస్త్రీ ఎవరినైనా అలాగే అంటారు.

రెండో ఇబ్బంది ఎత్తు. గోమానే సముద్రమట్టానికి దాదాపు 1500 మీటర్ల ఎత్తులో ఉంది, మసీసీ కొండలు అంతకంటే పైన. బీఎంపీ బరువు 14 టన్నులు, ఇంజిన్ 300 హార్స్‌పవర్, టర్బో లేదు. పలచని గాలిలో ఆ ఇంజిన్‌కి ఊపిరి అందదు. చడావులో నల్లగా పొగ కక్కుతూ రెండో గేరులో ఈడ్చుకుంటూ వెళ్తుంది. పైగా నల్లదుమ్ము. ఎయిర్ క్లీనర్ కాసెట్లు విప్పి, డీజిల్లో కడిగి, నూనె తడి చేసి మళ్లీ పెట్టే పని మన దగ్గర చేసేదానికి రెండింతలు చేశాం. ఒక్కసారి బద్ధకించినా మర్నాడు బండి చెప్పేస్తుంది.

బాగున్నదేమిటంటే, అన్నిటికంటే ముందు దాని గన్. 30 ఎంఎం ఫిరంగి 74 డిగ్రీల దాకా పైకి లేస్తుంది. మామూలు ట్యాంకు గొట్టం అంత పైకి లేవదు. లోయలో రోడ్డు, రెండు పక్కలా నిలువుకొండలు ఉన్న చోట ఈ ఒక్క గుణం ఎంత ధైర్యమో ఆ టరెట్‌లో, అంటే గన్‌తో పాటు తిరిగే పైభాగంలో, కూర్చున్నవాడికే తెలుస్తుంది. చైన్ల బండి కాబట్టి వానాకాలం బురదలో లారీలు ఇరుసుల దాకా దిగబడిపోయిన చోట కూడా ఇది దాటేది. నీళ్లలో ఈదుతుంది కూడా, కానీ ఆ అవసరం మాకెప్పుడూ రాలేదు. మాకు కావలసింది వంతెనలు. దుంగలు పేర్చిన వంతెన 14 టన్నులు మోస్తుందా లేదా అని కిందకి దిగి, దుంగల మీద సుత్తితో కొట్టి చూసి, అప్పుడు డ్రైవర్‌కి చెయ్యి ఊపడం నా పని. ఆ నిమిషం టెన్షన్ ఎన్నిసార్లు పడ్డా అలవాటు కాలేదు.

నాకు నచ్చనిది వెనక తలుపులు. బీఎంపీలో జవాన్లు దిగే వెనక తలుపులే డీజిల్ ట్యాంకులు కూడా. యుద్ధానికి వెళ్లేటప్పుడు అవి ఖాళీ చేసి పెట్టుకోవాలి. కానీ పెట్రోలింగ్‌కి వందేసి కిలోమీటర్లు తిరిగే చోట ఎవరికైనా అవి నింపుకోవాలనే అనిపిస్తుంది. నేను మాత్రం నింపనివ్వలేదు. పైగా బండి ఎత్తు తక్కువ. మైదానంలో దాక్కోవడానికి అది మంచిదే, అరటితోటల మధ్య, మనిషెత్తు గడ్డిలో మాత్రం డ్రైవర్‌కి ఏమీ కనపడదు.

ఆ మాట అనుకున్నప్పుడల్లా దక్షిణాఫ్రికా వాళ్ల కాస్పిర్ గుర్తొస్తుంది, మందుపాతరలను తట్టుకునే ఎత్తైన చక్రాల బండి. మునిగి అనే చోట, మన మాటలా వినపడుతుంది గానీ అది ఊరి పేరే, వాళ్ల క్యాంపు ఉండేది. 2013 మార్చిలో భద్రతామండలి 2098 తీర్మానంతో దక్షిణాఫ్రికా, టాంజానియా, మలావీ దళాలను కలిపి ఒక ప్రత్యేక బ్రిగేడ్ పెట్టింది. మామూలు శాంతి దళంలా కాపలాకి కాదు, సాయుధ ముఠాలపై నేరుగా దాడి చేయడానికే. కాస్పిర్ నాకు కొత్త కాదు, మన సైన్యం కూడా కొనుక్కుంది. దాని వరసలోనే మెదక్‌లో మందుపాతరలను తట్టుకునే ఆదిత్య బండ్లు చేశారు. కానీ పుట్టింటి వాళ్ల చేతిలో దాన్ని చూడడం వేరు.

కాస్పిర్ అడుగుభాగం పడవలా వీ ఆకారంలో ఉంటుంది, కింద పేలిన దెబ్బ పక్కలకి పోతుంది. చక్రం కింద 21 కిలోల టీఎన్‌టీ, బండి అడుగు కింద 14 కిలోలు పేలినా లోపలి మనుషులు బతకాలన్నది దాని లెక్క. నాకు అంతకంటే నచ్చింది వాళ్ల మెకానిక్ చూపించిన సంగతి. మందుపాతర పేలితే చక్రం, ఇరుసు ఊడి ఎగిరిపోతాయి. అవి పోవాలనే ఆ బండిని అలా కట్టారు. బోల్టులు విప్పి కొత్త ఇరుసు బిగిస్తే బండి మళ్లీ రోడ్డెక్కుతుంది. ఇంజిన్, ఇరుసు మెర్సిడెస్ లారీ రకం, ఏ లారీ మెకానిక్ అయినా చూడగానే అర్థం చేసుకుంటాడు. పనిచేసేవాడి చేతిని తలుచుకుంటూ గీసిన బండి అది. పైన కూర్చున్న డ్రైవర్‌కి గడ్డి మీదుగా రోడ్డంతా కనిపిస్తుంది. కానీ బురదలో బీఎంపీ వెళ్లిన చోటికి అది రాలేదు, మెషిన్ గన్ తప్ప పెద్ద ఫిరంగి లేదు.

కాంగో సైన్యానికి టీ-55 ట్యాంకులుండేవి. కిబాటీ రోడ్డు పక్కన ఒకసారి ఒకటి ఆగిపోయి ఉంది. ట్యాంకు నీడలో మూడు లావా రాళ్ల పొయ్యి మీద ఒకావిడ బీన్స్ ఉడకబెడుతోంది, పక్కన ఇద్దరు పిల్లలు. అక్కడ చాలామంది సైనికుల కుటుంబాలు వాళ్ల వెంటే తిరుగుతాయి. ట్యాంకు కమాండర్ యాభై దాటిన మనిషి, అందరూ పాపా అని పిలుస్తున్నారు. బ్యాటరీలు దిగిపోయాయి, గాలితో స్టార్ట్ చేసే సిలిండర్లు కూడా ఖాళీ. మా సాబ్‌ని అడిగి కేబుల్ తీసుకెళ్లాను. బీఎంపీదీ టీ-55దీ 24 వోల్టులే, బయటి నుంచి కరెంటిచ్చే సాకెట్టూ ఒకటే. నేను మన దేశంలో నేర్చుకున్న పాత టీ-55లో ఆ సాకెట్ ఎక్కడుందో, ఇక్కడా అక్కడే ఉంది. పన్నెండు సిలిండర్ల ఇంజిన్ రెండుసార్లు దగ్గి, నల్లటి పొగతో అందుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. పాపా చెయ్యి గుండెల మీద పెట్టుకున్నాడు. నేను లోపలికి తొంగి చూశాను. గన్ బ్రీచ్, అంటే గుండు పెట్టే వెనక భాగం, తళతళలాడుతోంది, గ్రీజు సమంగా రాసి ఉంది. బ్యాటరీలు లేకపోయినా ఆ మనిషి తన ట్యాంకును రోజూ తుడుచుకుంటూనే ఉన్నాడు. ఫోన్లో పట్టికలు చూసి ‘వాళ్ల సైన్యం దేనికీ పనికిరాదు’ అనేవాళ్లకు నేను ఆ బ్రీచ్ సంగతే చెబుతాను.

2012 నవంబర్ 20న ఎం23 తిరుగుబాటుదారులు గోమాను పట్టుకున్నప్పుడు శాంతి దళం ఆపలేకపోయింది. ఆ కోపం మేము వెళ్లేనాటికి కూడా జనం కళ్లలో ఉండేది. ఏడాది తిరక్కుండానే, 2013 నవంబర్ మొదటి వారంలో, అదే ఎం23 చాంజు కొండల మీద ఓడిపోయింది. కాంగో సైన్యం ముందు నడిచింది. యూఎన్ ప్రత్యేక బ్రిగేడ్ ఫిరంగులు వెనక నుంచి, దక్షిణాఫ్రికా రూయ్‌వాల్క్ హెలికాప్టర్లు పై నుంచి కొట్టాయి. రూయ్‌వాల్క్‌కి అదే మొదటి యుద్ధం. మొత్తం తయారైనవే 12, కాంగోకి వచ్చినవి మూడే. ఆ మూడూ పిలిచినప్పుడల్లా ఎగిరేవి, ఎందుకంటే వాటితో పాటు మెకానిక్‌లూ స్పేర్లూ కూడా వచ్చాయి.

యూఎన్‌లో దీనికొక కొలబద్ద కూడా ఉంది. మూడు నెలలకోసారి ఇన్‌స్పెక్షన్ చేస్తారు. ఒప్పందంలో రాసిన బండ్లలో 90 శాతం పనిచేస్తూ ఉండాలి, లేకపోతే దేశానికి వచ్చే డబ్బులో కోత. బండి కదిలినా గన్ పనిచేయకపోతే అది చెడిపోయిన లెక్కే. ఒక ఇన్‌స్పెక్షన్ ముందురోజు మా బీఎంపీ ఒకదాని టరెట్ కరెంటు పోయింది. పైనుంచి తెప్పించిన పార్టు పెట్టె విప్పితే వేరే బండిది. ఇక చేసేదిలేక, తిరిగే టరెట్‌కి కరెంటు అందించే స్లిప్ రింగ్ విప్పి, నల్లగా పేరుకున్న కార్బన్‌ను స్పిరిట్ గుడ్డతో ఒక్కొక్క రింగూ తుడిచి, తెల్లారి నాలుగింటికి బిగించాం. టరెట్ తిరిగింది. ఆ రోజే ఇంకో దేశం దళం బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి, పేరు చెప్పను. రంగు మా వాటికంటే తెల్లగా ఉంది, సగం స్టార్ట్ కాలేదు. వాళ్ల మెకానిక్ పనితనం తక్కువేమీ కాదు. మూడు దేశాలు మూడు రకాల బండ్లు దానమిచ్చాయట, ఒకదాని ఫిల్టర్ ఇంకోదానికి పట్టదు. ఆఫ్రికాలో చాలా సైన్యాల అసలు కష్టం ఇదే అని నాకనిపిస్తుంది.

కొనడం ఒక ఎత్తు, నడపడం ఒక ఎత్తు. ఉగాండా ఆరు సుఖోయ్-30లు కొనుక్కుంది. అదే దేశం 2012 ఆగస్టులో సోమాలియాకు పంపిన ఎంఐ-24 హెలికాప్టర్లు మూడు కెన్యా పర్వతం దగ్గర కూలిపోయాయి, శత్రువు ఒక్క గుండూ పేల్చకుండానే. టీవీలో ఆ వార్త చూసినప్పుడు మా వర్క్‌షాప్‌లో ఎవరం మాట్లాడలేదు.

2025 జనవరిలో గోమా మళ్లీ ఎం23 చేతిలోకి పోయింది. సాకే, గోమా చుట్టుపక్కల పోరులో దక్షిణాఫ్రికా జవాన్లు 14 మంది చనిపోయారు. సాకే రోడ్డులో ప్రతి మలుపూ నాకు తెలుసు, అందుకే ఆ వార్త నాకు అంత తేలిగ్గా పోలేదు. ఈసారి వాళ్లకు పైనుంచి హెలికాప్టర్ల అండ లేదు. రూయ్‌వాల్క్ చేసిన డెనెల్ కంపెనీ అప్పటికే ఏళ్లుగా అప్పుల్లో ఉంది. మనుషులు ఆ దేశం వాళ్లే, కొండలు అవే.

కుర్రాళ్లు చివరికి ‘ఇన్ని చెప్పావు, నువ్వైతే ఏది తీసుకెళ్తావు మావా?’ అంటారు. మసీసీ రోడ్డు మీద మళ్లీ వెళ్లమంటే ముందు కాస్పిర్ పెడతాను, మందుపాతర భయం దానికి వదిలేస్తాను. దాని వెనక రెండు బీఎంపీలు, తలుపుల్లో డీజిల్ లేకుండా. వాటి వెనక ఒక రికవరీ బండి, అందులో పన్నెండు రోడ్ వీల్స్, రెండు సెట్ల ఎయిర్ క్లీనర్ కాసెట్లు, ఒక 24 వోల్టుల కేబుల్. దారిలో పాపా లాంటివాళ్ల టీ-55 ఆగిపోయి ఉండొచ్చు.