సాక్ మానిటరా, ఖాళీ క్రిబ్బా?

అమెరికాలో కాన్పు అనగానే మనవాళ్ల కొనుగోళ్ల లిస్టులో చేరేది, పాప కాలికి తొడిగితే ఆక్సిజన్, గుండె వేగం ఫోన్‌లో చూపించే సాక్. పాప నిద్రలో క్షేమంగా ఉండటానికి రెండో దారి, లోపల ఏమీ లేని క్రిబ్, అంటే పాపను పడుకోబెట్టే కటకటాల మంచం.

ఖర్చు: సాక్ సుమారు 300 డాలర్లు. క్రిబ్ ఎలాగూ కొంటారు.

శ్రమ: సాక్‌కు ఛార్జింగ్ చాలు. క్రిబ్‌కు మొండితనం కావాలి. గట్టి, చదునైన పరుపు మీద పాపను వెల్లకిలా పడుకోబెట్టాలి. బొంత, బంపర్ (క్రిబ్ అంచుల చుట్టూ కట్టే మెత్త), బొమ్మ ఏదీ ఉండకూడదు. "తల గుండ్రంగా రావాలి, ఆవాల దిండు పెట్టమ్మా" అని అమ్మమ్మ ఎంత చెప్పినా సరే.

రిస్క్: సాక్ జారితే అర్ధరాత్రి అలారం, ఇంటిల్లిపాదికీ టెన్షన్. మోగకపోతే అంతా బాగుందన్న ధీమా. నాకు అదే ఎక్కువ భయం. నిద్రలో పసిపిల్లల ఆకస్మిక మరణాలను తగ్గించడానికి ఇలాంటి మానిటర్లను నమ్ముకోవద్దని అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. వెల్లకిలా పడుకోబెట్టమని 1994లో 'బ్యాక్ టు స్లీప్' ప్రచారం మొదలయ్యాక కొన్నేళ్లలోనే ఆ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి.

నెలలు నిండని పాపకు డాక్టర్ మానిటర్ రాస్తే, ఆ మెడికల్ మానిటరే వాడండి. ఆరోగ్యంగా ఉన్న పాపకు మీ గదిలోనే కనీసం 6 నెలలు ఖాళీ క్రిబ్ చాలు. ఇవన్నీ పాటిస్తూ కూడా సాక్ ఉంటేనే మీకు కునుకు పడుతుందంటే, కొనుక్కోండి.