బిహేవియరల్ ఇంటర్వ్యూ కోర్సులకు డబ్బు కట్టేముందు ఒక్కసారి ఇది చదవండి

ఎమ్మెస్సీ సైకాలజీ చదువుతున్నవాళ్ల కోసం, డిగ్రీ అయిపోయి ఇటువైపు రావాలనుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. "ఎనిమిది వారాల్లో బిహేవియరల్ అసెస్‌మెంట్ ఇంటర్వ్యూ నేర్పిస్తాం" అన్న ప్రకటన ఇన్‌స్టాలో చూసి 14,500 రూపాయలకు చేరాను. (ఒకరి ప్రవర్తనలో సమస్య ఎందుకొస్తోందో వాళ్లనో, ఇంట్లోవాళ్లనో అడిగి తెలుసుకునే పద్ధతి అది.) జీఎస్టీతో 17,110 అయింది. అమ్మ చీటీ పాడి ఇచ్చిన డబ్బు అది.

బ్యాచ్‌కు 20 మందే, ప్రతి వారం లైవ్ రోల్‌ప్లే, ఎవరి రికార్డింగ్ వాళ్లకు చూపించి తప్పులు చెబుతాం అని బ్రోచర్‌లో ఉంది. మొదటి రోజు జూమ్‌లోకి వెళ్తే 230 మందికి పైగా ఉన్నాం. అందరి మైకులూ మ్యూట్. మూడో వారం నుంచి క్లాసులు కూడా లైవ్ కాదు. చాట్‌లో ఎవరో ప్రశ్న అడిగారంటూ మేడమ్ ఒక పేరు చదివి జవాబు చెబుతున్నారు, చూస్తే ఆ పేరు గలవాళ్లు మా బ్యాచ్‌లోనే లేరు. పాత బ్యాచ్ వీడియో పెట్టారు!

ఎనిమిది వారాల్లో నాకు వచ్చిన రోల్‌ప్లే ఒక్కటే, ఆరు నిమిషాలు. నలుగురు స్టూడెంట్లం ఒక గదిలో, ట్రైనర్ లేరు. తల్లి పాత్ర వేసిన అమ్మాయి "మా బాబు మొండి, అస్సలు మాట వినడు" అంది. "ఎందుకలా చేస్తున్నాడంటారు?" అని అడిగాను. "వాళ్ల నాన్న పోలిక" అంది. టైమ్ అయిపోయింది. అడిగిన తీరు తప్పని చెప్పేవాళ్లు లేరు. చివర్లో డిస్టింక్షన్ అని సర్టిఫికెట్ మాత్రం వచ్చింది.

ఆ తప్పు ఫీల్డ్ ప్లేస్‌మెంట్‌లో బయటపడింది. చిన్న బాబును తీసుకొచ్చిన ఒకావిడను (వివరాలు మార్చాను) సరిగ్గా అదే ప్రశ్న అడిగాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. "నా పెంపకమే తప్పంటారా అమ్మా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. పక్కనే ఉన్న సూపర్‌వైజర్ మేడమ్ మెల్లగా అందుకున్నారు.

"మొండితనం అంటే ఏం చేస్తాడమ్మా? ఈ మధ్య ఎప్పుడు చేశాడు?"
"నిన్న రాత్రే. తల నేలకేసి కొట్టుకున్నాడు."
"దానికి కాస్త ముందు ఏం జరుగుతోంది?"
"ఫోన్ చూస్తూ అన్నం తింటున్నాడు. లాక్కున్నాను."
"కొట్టుకోగానే మీరేం చేశారు?"
"భయమేసి ఇచ్చేశాను."
"ఇచ్చాక?"
"ఆపేశాడు."

నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. యాంటిసిడెంట్ (ముందు జరిగింది), బిహేవియర్ (చేసిన పని), కాన్సిక్వెన్స్ (తర్వాత జరిగింది) అన్న ఏబీసీ స్లైడు నాకు కంఠతా వచ్చు. కానీ ఆ మూడూ ఒక తల్లి నోట, ఆమెను తప్పుపట్టకుండా ఎలా రాబట్టాలో తెలియలేదు. తర్వాత మేడమ్ చెవినొప్పి, పంటినొప్పి, నిద్ర గురించి కూడా అడిగారు. ఒంట్లో బాధ ఉన్నా పిల్లలు తల కొట్టుకోవచ్చట, ఒక్క రాత్రి సంగతి విని తేల్చేయకూడదన్నారు. కోర్సులో ఈ మాట ఎవరూ ఎత్తలేదు.

అందుకే కట్టేముందు సిలబస్ సంగతి వదిలేసి ఇవి అడగండి. నేను స్వయంగా ఎన్నిసార్లు ఇంటర్వ్యూ చేస్తాను? అది చూసేదెవరు? తప్పు చేస్తే అప్పుడే ఆపి మళ్లీ చేయిస్తారా? జవాబు ఫోన్‌లో చెబితే ఒప్పుకోకండి, మెయిల్‌లో రాయించుకోండి.

ఇంకో మోసం ఆ సర్టిఫికెట్ మీదే ఉంది. "ఆర్‌సీఐ నిబంధనలకు అనుగుణంగా" అని వేశారు. ఆర్‌సీఐ అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. అది ఆర్‌సీఐ గుర్తింపు కాదు. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన కోర్సు చేసి, 1992 ఆర్‌సీఐ చట్టం ప్రకారం కేంద్ర రిజిస్టర్‌లో పేరు ఎక్కించుకోవాలి. వారాంతపు కోర్సులతో ఆ రిజిస్ట్రేషన్ నంబర్ రాదు. నేర్పేవాళ్ల రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి కౌన్సిల్ సైట్‌లో సరిచూసుకోండి. నేను చూడలేదు, చూసి ఉండాల్సింది. మన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే ఎన్‌ఐఈపీఐడీ (మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ) 1984 నుంచి ఉంది. అక్కడ పెట్టే చిన్న శిక్షణల నోటిఫికేషన్లు ముందు చూసుకోండి.

రిఫండ్ అడిగితే "వీడియోలు మీకు ఇచ్చేశాం కదా, కుదరదు" అన్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు ఉండదు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు.

ఒక్క పని మాత్రం ఈరోజే చేయండి. బ్రోచర్, చాట్, యూపీఐ రసీదు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. నేను రిఫండ్ అడిగిన రెండు రోజులకే వాళ్ల పేజీలో "20 మందే" అన్న లైన్ మాయమైంది. పాతది నా ఫోన్‌లో ఉంది. ఇలాంటి కోర్సుకే కట్టి ఇరుక్కున్నవాళ్లు ఉంటే మెసేజ్ పెట్టండి, ఫిర్యాదు ఎలా రాశానో పంపిస్తాను.